రాయగఢ్‌లో శివాజీ విగ్రహాన్ని ఫోటో తీయాలంటే ఎక్కడ నిలబడాలి?

మీ ప్రశ్న చదివాను, మీరు పెట్టిన మూడు ఫోటోలూ చూశాను. మహారాష్ట్రలో శివాజీ రాజధానిగా ఉన్న కొండకోట రాయగఢ్ దర్బారులో మేఘడంబరి (సింహాసనం మీది మండపం లాంటి కప్పు) కింద కూర్చున్న శివాజీ మహారాజు విగ్రహం నల్లగా ముద్దలా వచ్చింది. వెనక ఆకాశం తెల్లగా మాడిపోయింది. చుట్టూ ఉన్న శిథిలాలు అసలు ఫ్రేమ్‌లోకే రాలేదు. జనవరి మధ్యలో మళ్లీ వెళ్తున్నానన్నారు. చేతిలో క్రాప్ సెన్సర్ (కాస్త చిన్న సెన్సర్) కెమెరా, 18-55, 55-250 మి.మీ. కిట్ లెన్సులు, ఒక ఫోన్ ఉన్నాయి. ట్రైపాడ్, డ్రోన్ గురించి కూడా అడిగారు. వరుసగా చెప్తాను, కాస్త పొడుగ్గానే ఉంటుంది.

ముందు ఒక మాట. కొత్త లెన్స్ కొనాలా అని అడిగారు కదా, అక్కర్లేదు. మీ ఫోటోల్లో ఎక్స్‌పోజర్ (వెలుగు లెక్క) తప్పింది నిజమే కానీ అసలు ఇబ్బంది అది కాదు. మీరు రెయిలింగ్ దగ్గరికి వెళ్లి, లెన్స్‌ని బాగా వెడల్పుగా చూపే 18 మి.మీ. దగ్గర పెట్టి, కెమెరా పైకెత్తి తీశారు. అక్కడికి వెళ్లిన పదిమందిలో తొమ్మిదిమంది చేసేది ఇదే. సింహాసనం ఎత్తైన అరుగు మీద ఉంటుంది కాబట్టి దగ్గర నుంచి పైకి చూస్తే విగ్రహం వెనక ఆకాశం తప్ప ఇంకేమీ మిగలదు. వైడ్ లెన్స్‌తో పైకెత్తి తీస్తే మేఘడంబరి స్తంభాలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలిపోతాయి. అలా తీసిన ఫోటో చూసి అది రాయగఢ్ అని ఎవరూ చెప్పలేరు. ఊళ్లో ఏ కూడలిలో ఉన్న విగ్రహమైనా అలాగే ఉంటుంది.

మేఘడంబరి, విగ్రహం రెండూ మన కాలంలో పెట్టినవే. ఆ చోటు మాత్రం పాతది. 1674 జూన్ 6న పట్టాభిషేకం జరిగింది ఆ దర్బారులోనే. ఇప్పుడు అక్కడ ఆనాటి సింహాసనం లేదు, పైకప్పు లేదు, మిగిలింది ఖాళీ నేల. పాత లెక్కల ప్రకారం ఆ దర్బారు సుమారు 220 అడుగుల పొడవు, 124 అడుగుల వెడల్పు. ఒక చివర సింహాసనం ఉన్న అరుగు, ఎదురుగా రెండో చివర నగారాఖానా (నగారాలు మోగించే చోటు) ద్వారం. నా దృష్టిలో ఫోటో తీయాల్సింది ఆ మధ్యలో ఉన్న ఖాళీనే. విగ్రహం దాని చివర ఉండాలి, అంతే. కాబట్టి మొట్టమొదట చేయాల్సిన పని, విగ్రహానికి వీపు తిప్పకుండా నగారాఖానా దాకా వెనక్కి నడవడం. వీపు తిప్పకుండా అని ఎందుకన్నానో తర్వాత చెప్తాను.

నగారాఖానా దగ్గర నిలబడితే విగ్రహానికీ మీకూ మధ్య రమారమి 60 మీటర్లు ఉంటుంది. మీ కెమెరాలో అక్కడి నుంచి 35 దగ్గర పెడితే దాదాపు దర్బారు వెడల్పు మొత్తం ఫ్రేమ్‌లో పడుతుంది. 55 దగ్గర 24 మీటర్ల వెడల్పు వస్తుంది, అంటే మేఘడంబరీ దానికి అటూ ఇటూ కాస్త రాతి కట్టడమూ. లెన్స్ మార్చి 135కి వెళ్తే పదిమీటర్లకు కొంచెం తక్కువ, మేఘడంబరి దానికదే నిండుగా నిలబడుతుంది. 200 దాటితే విగ్రహం ఒక్కటే. ఒకే చోట నిలబడి ఇన్ని ఫోటోలు వస్తాయి. దూరం నుంచి తీస్తున్నారు కాబట్టి కెమెరాను పైకి వంచాల్సిన పని ఉండదు, స్తంభాలు నిటారుగా వస్తాయి, ఆకాశం వాటా కూడా తగ్గుతుంది. మీ 55-250ని బ్యాగులోనే ఉంచానన్నారు. ఈ చోటికి అదే ముఖ్యమైన లెన్సు.

అక్కడే ఇంకో ఫోటో ఉంది. నగారాఖానా కమాను దాటి బయటికి నాలుగైదు మీటర్లు జరిగి, కమాను మధ్యలోంచి విగ్రహం కనిపించేలా చూసుకోండి. 35 దగ్గర, ఎఫ్ 11 (లెన్స్ రంధ్రం చిన్నగా ఉండే అంకె) పెట్టి, ఫోకస్ పది మీటర్ల దూరంలో ఉన్న ఏదైనా రాయి మీద వేసి లాక్ చేయండి. కమాను అంచు దగ్గర్నుంచి విగ్రహం దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. ఎక్స్‌పోజర్ మాత్రం అవతల ఎండలో ఉన్న దర్బారుకి లెక్క చూసుకోవాలి. అప్పుడు కమాను లోపలివైపు బాగా చీకటిగా పడుతుంది. పడనివ్వండి. ఆ చీకటిని లేపాలని తర్వాత కంప్యూటర్లో తంటాలు పడొద్దు, చూపు విగ్రహం మీదికి పోయేది దానివల్లే. విగ్రహం కమానుకి సరిగ్గా మధ్యలో ఉండాలంటే అరడుగు అటూ ఇటూ జరిగినా తేడా తెలుస్తుంది కాబట్టి కాళ్లు కదపకుండా నడుం నుంచి వంగి చూసుకోవడం నా అలవాటు.

పట్టాభిషేకానికి వచ్చిన ఈస్టిండియా కంపెనీ దూత హెన్రీ ఆక్సిండెన్ ద్వారం దగ్గర రెండు చిన్న ఏనుగుల్ని చూసి, ఇంత కష్టమైన దారిలో వీటిని పైకి ఎలా తెచ్చారా అని ఆశ్చర్యపోయినట్టు రాసుకున్నాడు. మెట్లన్నీ ఎక్కి వచ్చినవాళ్లకు ఆ ఆశ్చర్యం బాగా అర్థమవుతుంది. ఇంకో సంగతి, సింహాసనం దగ్గర మెల్లగా మాట్లాడినా నగారాఖానా దగ్గర వినిపిస్తుంది. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిసార్‌లో వినిపించడం మనకు తెలిసిందే కదా, అలాంటిదే ఇక్కడా కట్టారు. గైడ్లు దాన్ని చూపించేటప్పుడు జనమంతా సింహాసనానికీ నగారాఖానాకీ మధ్య ఉన్న ఆ గీత మీదే గుమిగూడతారు. మీ ఫ్రేమ్‌కి అడ్డం వచ్చేది కూడా అప్పుడే. ఒక ఐదు నిమిషాలు ఓపిక పడితే గుంపు ముందుకు కదులుతుంది.

ఇక వేళ సంగతి. మీ ఫోటోలు మధ్యాహ్నం మూడు తర్వాత తీసినట్టు నీడల్ని బట్టి తెలుస్తోంది. సింహాసనం తూర్పుముఖంగా ఉంది. అంటే ఆ వేళకి సూర్యుడు విగ్రహం వెనక్కి వెళ్లిపోయాడు, ముఖం మీద వెలుగే లేదు, పైగా పైన మేఘడంబరి నీడ. కెమెరా ఎంత మంచిదైనా, సెట్టింగ్ ఎంత సరిగ్గా పెట్టినా లేని వెలుగును తేలేదు. ఈ విగ్రహానికి ఉదయమే సమయం.

జనవరి మధ్యలో అక్కడ సూర్యోదయం 7.10 దాటాక అవుతుంది, మన హైదరాబాదు కంటే ఓ 20 నిమిషాలు ఆలస్యం. ఆ నెలలో సూర్యుడు సరిగ్గా తూర్పున కాకుండా ఆగ్నేయం వైపు ఉదయిస్తాడు. మీరు నగారాఖానా దగ్గర పడమర వైపు తిరిగి నిలబడితే వెలుగు మీ ఎడమ భుజం వెనక నుంచి వస్తుంది, విగ్రహం కుడి చెంప మీద పడుతుంది. ముఖంలో ఒక వైపు వెలుగు, ఒక వైపు పలచని నీడ, అంతకంటే ఏం కావాలి! మార్చి, సెప్టెంబరు నెలల్లో అయితే సూర్యుడు సూటిగా ఎదురుగా వచ్చి ముఖం చదునుగా పడుతుంది. పైగా నగారాఖానా నీడ కూడా దర్బారులోకి సూటిగా పడుతుంది. ఆ లెక్కన మీరు జనవరి ఎంచుకోవడం మంచిదే అయింది.

ఎనిమిదికి ముందు వెలుగు మరీ పల్లంగా ఉంటుంది, చుట్టూ ఉన్న గోడల నీడలు నేలంతా పరుచుకుంటాయి. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర మధ్య వెలుగు మేఘడంబరి కప్పు కిందుగా వెళ్లి ముఖాన్ని తాకుతుంది. పదకొండు అయ్యేసరికి సూర్యుడు పైకెక్కుతాడు, కప్పు నీడ ముఖం మీదికి దిగుతుంది. ఆ తర్వాత ఇక విగ్రహం జోలికి పోవద్దు. కోటలో తీయాల్సినవి ఇంకా బోలెడు ఉన్నాయి.

ఆ వేళకి పైన ఉండాలంటే ఎలా అనేదే ఇప్పుడు మీ టెన్షన్. హిరకణివాడి నుంచి రోప్‌వే ఉంది, 1996లో మొదలైంది, నాలుగైదు నిమిషాల్లో పైకి చేరుస్తుంది. అయితే మొదటి బండి ఎన్నింటికో, టికెట్ కౌంటర్ ఎప్పుడు తెరుస్తారో ముందురోజే కనుక్కోండి. శని, ఆదివారాల్లో అక్కడ క్యూలోనే గంటలు పోతాయి. మెట్ల దారైతే 1,700కు పైచిలుకు మెట్లు, అలవాటు లేనివాళ్లకు గంటన్నర నుంచి రెండు గంటలు. కెమెరా బ్యాగు వీపున ఉంటే ఇంకాస్త. దగ్గర్లోని పట్టణం మహాడ్‌లో దిగి తెల్లవారుజామున బయల్దేరే కంటే ముందురోజు రాత్రికే కొండ కింద పాచాడ్ చేరి అక్కడ పడుకోవడం మేలు. పాచాడ్‌లోనే జిజాబాయి సమాధి ఉంది. కొడుకు పట్టాభిషేకం చూసిన పదకొండు రోజులకు, 1674 జూన్ 17న ఆమె కన్నుమూశారు. సాయంత్రం ఖాళీగా ఉంటారు కాబట్టి అదీ చూసి రండి.

ఎక్స్‌పోజర్ విషయానికి వద్దాం. విగ్రహం ముదురు రంగు లోహం, కోట కట్టింది సహ్యాద్రి నల్లరాయితో, ఆకాశం మాత్రం తెల్లగా వెలుగుతుంటుంది. కెమెరా తనంతట తాను ఏం చేస్తుందంటే ఫ్రేమ్ మొత్తాన్ని సగటు చేసి చూస్తుంది. ఆకాశం ఎక్కువగా ఉంటే ‘అబ్బో, వెలుగు ఎక్కువైంది’ అనుకుని తగ్గిస్తుంది, విగ్రహం నల్లబడుతుంది. అదే నల్లరాయి ఎక్కువగా ఉంటే ఉన్నదానికంటే పెంచుతుంది, రాయి బూడిదరంగులోకి పాలిపోతుంది. మీ మూడు ఫోటోల్లో మొదటి రెండూ మొదటి రకం, మూడోది రెండో రకం. అందుకే ఒకే సెట్టింగ్‌తో తీసినా ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు.

నేనైతే ఇలా చేస్తాను. మాన్యువల్ మోడ్, ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుకి స్పందించే లెక్క) 100, ఎఫ్ 8. మీటరింగ్‌ని (కెమెరా వెలుగు కొలిచే పద్ధతిని) స్పాట్‌కి, అంటే ఒక్క చిన్న చోటునే కొలిచేలా మార్చి, 200 దగ్గర జూమ్ చేసి, ముఖం మీద ఎండ పడిన చెంపను కొలుస్తాను. లోహం నిజంగానే ముదురు రంగు కాబట్టి కెమెరా చెప్పినదానికంటే ఒక స్టాప్ తగ్గించి, అంటే వెలుగు సగమే పడేలా షట్టర్ పెడతాను. ఉదయపు ఎండలో అది 1/125 నుంచి 1/250 మధ్య ఎక్కడో వస్తుంది. ఆ అంకెలు ఇక ముట్టుకోను, లెన్స్ మార్చినా, ఫ్రేమ్ మార్చినా అవే. వెలుగు మారితే మాత్రం మళ్లీ కొలుస్తాను. పొడుగు లెన్స్ పెట్టినప్పుడు మాత్రం చేయి వణుకుతుంది కాబట్టి షట్టర్ 1/400కి తక్కువ కాకుండా ఐఎస్ఓని 200కో 400కో పెంచుకోండి, నష్టమేమీ లేదు. తలపాగా మీద, భుజం మీద ఎండ తగిలిన చోట చిన్నచిన్న తెల్లటి మెరుపులు మాడిపోతాయి. లోహానికి అది సహజం, వాటికి భయపడి మొత్తం ఫోటోని చీకటి చేయకండి. పోలరైజర్ ఫిల్టర్ వేస్తే ఆ మెరుపు పోతుందా అని చాలామంది అడుగుతారు. లోహం మీది మెరుపు మీద అది పెద్దగా పనిచేయదు. ఆకాశపు నీలాన్ని చిక్కబరచడానికీ, తడిరాళ్ల మీది మెరుపు తగ్గించడానికీ మాత్రం పనికొస్తుంది. ఉంటే తీసుకెళ్లండి, లేకపోతే దానికోసం డబ్బు పెట్టకండి.

రా ఫార్మాట్‌లో (కెమెరా మార్పులు చేయని ముడి ఫైల్‌గా) తీయండి అని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

శిథిలాలు ఎందుకు ఫోటోలో కనిపించవు అన్నది మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన భాగం. దానికి కారణం కోట చరిత్రలోనే ఉంది. 1818 మే నెలలో ఇంగ్లీషువాళ్లు ఎదురుగా ఉన్న కాళకాయి కొండ మీద ఫిరంగులు పెట్టి కొట్టారు, మంటలు చెలరేగి రాజభవనాలు కాలిపోయాయి. కర్రతో కట్టిన పై అంతస్తులు, కప్పులు పోయి రాతి పునాదులు మిగిలాయి. అందుకే రాయగఢ్ శిథిలాలు గోల్కొండలోలాగా తల ఎత్తి చూసే గోడలు కావు. చాలాచోట్ల మోకాలి ఎత్తో, నడుం ఎత్తో ఉన్న అరుగులు, మెట్లు, స్తంభాలు నిలిపిన రాళ్లు. నిలబడి కంటి ఎత్తు నుంచి తీస్తే అవన్నీ నేలలో కలిసిపోతాయి. మిట్టమధ్యాహ్నం అయితే ఇక చెప్పక్కర్లేదు, రాయికీ మట్టికీ తేడా తెలియదు.

దీనికి రెండే ఉపాయాలు. ఒకటి, వెలుగు పక్క నుంచి నేలను రాసుకుంటూ వచ్చే వేళ, అంటే ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత. అప్పుడు ప్రతి పునాది రాయికీ ఒక నీడ గీత పడుతుంది, గదుల ఆకారం నేల మీద బొమ్మ గీసినట్టు బయటపడుతుంది. రెండోది, కెమెరా ఎత్తు. కింద కూర్చుని, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, కెమెరాని అరుగు అంచుకి కాస్త పైన ఉంచితే ముందు రాయి పెద్దగా, దాని వెనక ఇంకో వరుస, దాని వెనక ఇంకోటి, చివర మేఘడంబరి. కెమెరా స్క్రీన్ బయటికి తిరిగేదైతే ఈ పని సులువు. పునాదుల మీదికి మాత్రం ఎక్కకండి. రాళ్లు కదిలిపోతాయి, పైగా తవ్వకాలు, మరమ్మతు పనులు జరుగుతున్న చోట్లు కూడా ఉంటాయి.

జనవరిలో గడ్డి ఎండి గోధుమరంగులోకి తిరుగుతుంది. నల్లరాయి పక్కన ఆ రంగు చాలా బాగుంటుంది, రాయి అంచులు స్పష్టంగా విడివడతాయి. వానాకాలం ఫోటోలు చూసి అలా పచ్చగా ఉంటుందనుకుని వెళ్లకండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ ఎడతెగని వాన, పొగమంచు. పది అడుగుల అవతల మనిషి కనపడని రోజులు ఉంటాయి. వానలు తగ్గుముఖం పట్టాక సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో సోన్‌కీ అనే చిన్న పసుపు పూలు కొండంతా పూస్తాయి. మీకు ఇంకోసారి వీలైతే అప్పుడు వెళ్లండి.

విగ్రహానికి వీపు తిప్పొద్దు అన్నానుగా. అక్కడికి వచ్చే మరాఠీవాళ్లకు ఇది చూసి పోయే చోటు కాదు, గుడితో సమానం. దర్బారులోకి వస్తూనే చెప్పులు వదిలేసేవాళ్లు, నేలకి తల ఆనించేవాళ్లు కనిపిస్తారు. 2018లో ఒక ప్రముఖ నటుడు తన మిత్రులతో మేఘడంబరి దగ్గర విగ్రహానికి వీపు పెట్టి కూర్చుని తీసుకున్న ఫోటోని నెట్‌లో పెడితే పెద్ద దుమారమే రేగింది, చివరికి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అందుకని సింహాసనం అరుగు మీదికి వెళ్లడం, రెయిలింగ్ మీద చేయి వేసి పోజులివ్వడం, విగ్రహం పక్కన గాల్లోకి గెంతడం లాంటివి వద్దు. మీ వాళ్లను ఫోటో తీయాలంటే దర్బారు మధ్యలో, పక్కకి తిరిగి విగ్రహం వైపు చూస్తున్నట్టు నిలబెట్టండి. ఫోటోగా చూసినా అదే బాగుంటుంది. మనిషి ఎత్తు ఉండబట్టే ఆ దర్బారు ఎంత పెద్దదో చూసేవాళ్లకు తెలుస్తుంది.

జనం లేకుండా కావాలా, జనంతో కావాలా అనేది ముందే తేల్చుకోండి. ఖాళీ దర్బారు కావాలంటే మంగళ, బుధ, గురువారాలు. ఫిబ్రవరి 19 శివజయంతికీ, జూన్ 6 పట్టాభిషేక దినానికీ కాషాయ జెండాలు, డోలు, తాషాలతో కొండ కిక్కిరిసిపోతుంది. పట్టాభిషేకాన్ని తిథి ప్రకారం జ్యేష్ఠ శుద్ధ త్రయోదశి నాడు కూడా చేస్తారు. ఆ రోజుల్లో విగ్రహం ఫోటో మర్చిపోయి మనుషుల ముఖాలు తీసుకోండి, అంతకంటే మంచి ఫోటోలు దొరకవు. మామూలు రోజుల్లో అడ్డంగా వచ్చే పదిమంది కోసం ఒక చిట్కా. కెమెరా కదలకుండా పట్టుకుని అర నిమిషానికొకటి చొప్పున పది, పన్నెండు ఫోటోలు తీయండి. తర్వాత ఫోటోషాప్‌లో వాటిని పొరలుగా పెట్టి మీడియన్ (అన్ని ఫోటోల్లో మధ్య విలువను తీసుకునే పద్ధతి) చేస్తే కదిలిన మనుషులంతా మాయమవుతారు, కదలని రాయీ విగ్రహమూ మిగులుతాయి. చేత్తో తీసినా సాఫ్ట్‌వేర్ సర్దేస్తుంది, కాకపోతే అంచులు కొంచెం కోసేయాలి.

ట్రైపాడ్ విషయం. రాయగఢ్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. సొంతానికి చేత్తో ఫోటోలు తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు. ట్రైపాడ్, లైట్లు, స్టాండ్లు అంటే మాత్రం ముందస్తు అనుమతి కావాలి, ఆ శాఖ ముంబై సర్కిల్ ద్వారా. మీరు తీసేదంతా పగటి వెలుగులోనే కాబట్టి దానికోసం కాగితాలు పెట్టుకుని తిరగడం నా లెక్కలో వృథా. పెళ్లి ముందు షూట్‌లు, వ్యాపార ప్రకటనలు అయితే వేరే సంగతి, వాటికి అనుమతి లేకుండా వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. డ్రోన్ అసలు మోసుకెళ్లకండి. అనుమతి లేకుండా ఎగరేస్తే కేసు అవుతుంది, పరికరం కూడా పోతుంది. 2025 జులైలో రాయగఢ్‌తో కలిపి 12 మరాఠా కోటలకు యునెస్కో గుర్తింపు వచ్చింది కూడా, కాపలా ఇంకా గట్టిగానే ఉంటుందనుకోండి. ఆ పన్నెండులో మహారాష్ట్రకు బయట ఉన్నది ఒక్కటే, తమిళనాడులోని సెంజి, మన దేశింగు రాజు కథలోని కోట. 1677లో శివాజీ హైదరాబాదు వచ్చి తానాషాని కలిసి, ఆ దండయాత్రలోనే దాన్ని గెలుచుకున్నాడు.

పదకొండు తర్వాత ఏం తీయాలంటే ముందుగా జగదీశ్వరాలయం వైపు నడవండి. దారిలో బజారుపేట వస్తుంది. విశాలమైన వీధి, అటూ ఇటూ ఎత్తైన అరుగుల మీద అంగళ్ల పునాదులు, ఒక్కో వరుసకి 22. వీధి మధ్యలో నిలబడి 55-250తో తీస్తే రెండు వరుసలూ దగ్గరికి జరిగినట్టు వస్తాయి. ఇక్కడ అరుగుల నీడలు వీధిలోకి పడేది సాయంత్రమే కాబట్టి తిరుగు ప్రయాణంలో తీయండి.

జగదీశ్వరాలయం దగ్గర ఒక చిన్న పని చేయమని మిమ్మల్ని ప్రత్యేకంగా అడుగుతున్నాను. గుడి ద్వారం దగ్గర మెట్టు రాయి మీద ఒక పంక్తి చెక్కి ఉంటుంది. ‘సేవేచే ఠాయీ తత్పర’ అని, కింద హిరోజీ పేరు. ఈ కోట కట్టిన శిల్పి హిరోజీ ఇందుల్కర్ అతనే. సేవకు ఎప్పుడూ సిద్ధంగా ఉన్నవాడు అని దాని అర్థం. చాలామంది చూసుకోకుండానే దాని మీంచి నడిచిపోతారు. అక్షరాలు అరిగి ఉంటాయి, పైనుంచి వెలుగు పడితే అస్సలు చదవలేం. పక్కన ఉన్నవాళ్లని ఫోన్ టార్చ్ వెలిగించి రాయికి దాదాపు ఆనించి, ఒక పక్క నుంచి పట్టుకోమనండి. మీ శరీరంతో ఎండకి అడ్డం నిలబడండి. ఒక్కసారిగా ప్రతి అక్షరం గాడిలో నీడ నిండి పేరు పైకి తేలుతుంది. అలా టార్చ్‌ని గుండ్రంగా తిప్పుతూ నాలుగైదు తీస్తే ఏ అక్షరం ఏ కోణంలో బాగా వచ్చిందో ఇంటికొచ్చాక చూసుకోవచ్చు. శివాజీ సమాధి కూడా ఆ గుడికి తూర్పు ద్వారం ఎదురుగానే ఉంది. అక్కడ నిశ్శబ్దంగా ఉండి, దూరం నుంచి ఒకటి తీసుకుంటే చాలు.

ప్రతాప్‌గఢ్ కూడా వెళ్లొచ్చా అని చివర్లో అడిగారు. మహాడ్ నుంచి పోలాద్‌పూర్ మీదుగా ఘాట్ ఎక్కితే వస్తుంది, వెళ్లండి. కానీ అక్కడి లెక్క పూర్తిగా వేరు. అది గుర్రం మీద ఉన్న 17 అడుగుల కంచు విగ్రహం, 1957లో నెహ్రూ ఆవిష్కరించారు. పైన కప్పు లేదు, చుట్టూ ఖాళీ, వెనక కొండలు. గుర్రం మీద ఉన్న విగ్రహాన్ని ఎదురుగా తీస్తే కాళ్లు ఏవో, డొక్క ఏదో తెలియదు. పూర్తిగా పక్క నుంచి, లేదా ముప్పావు కోణంలో తీయాలి. ఇక్కడ మాత్రం సాయంత్రం సూర్యుణ్ని వెనక పెట్టుకుని ఛాయామాత్రంగా తీయొచ్చు, ఆకారం ఒక్కటే చాలు ఆయనెవరో చెప్పడానికి. అప్పుడు స్పాట్ మీటరింగ్‌ని సూర్యుడి పక్కన ఉన్న ఆకాశం మీద పెట్టండి. రాయగఢ్‌లో కూర్చున్న విగ్రహానికి ఇదే పని చేస్తే మేఘడంబరి స్తంభాల్లో కలిసిపోతుంది, మీ మొదటి ఫోటోలో జరిగినట్టే.

ఫోన్‌తో తీసేటప్పుడు కూడా ఇవే సూత్రాలు. 1ఎక్స్‌లో దగ్గరికి వెళ్లే బదులు వెనక్కి వెళ్లి 2ఎక్స్ లేదా 3ఎక్స్ లెన్స్ వాడండి. ముఖం మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. తర్వాత పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కాస్త కిందికి జరపండి, ఎందుకంటే ఫోన్లు ముదురు రంగు లోహాన్ని మరీ తెల్లబరుస్తాయి. అరచేతిలోని తెరని ఎండలో చూసి వెలుగు సరిపోయిందనుకోవద్దు, కెమెరాలో అయితే హిస్టోగ్రామ్ (వెలుగు, చీకటి ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూడండి.

కొండ దిగే వేళ గుర్తుపెట్టుకోండి. రోప్‌వే ఆఖరి బండి ఎప్పుడో పైకి ఎక్కేటప్పుడే అడగండి. సాయంత్రం బజారుపేట వెలుగు చూసుకుంటూ కూర్చుంటే చీకట్లో ఆ మెట్లన్నీ దిగాల్సి వస్తుంది. పాలు అమ్మడానికి వచ్చిన హిరకణి, కోట తలుపులు మూసేశారని పసిబిడ్డ కోసం కొండ అంచు నుంచే దిగిపోయిందని అక్కడ కథ చెప్తారు, ఆ బురుజు ఇప్పటికీ ఆమె పేరుతోనే ఉంది. మనకంత అవసరం లేదు, ఒక హెడ్‌టార్చ్ బ్యాగులో వేసుకుంటే సరిపోతుంది.

పాత ఫోటోల్లో రెండోదాన్ని బాగుచేయొచ్చా అన్నారు. జేపెగ్ ఒక్కటే ఉంటే కష్టం, ముఖంలో వివరాలు దాదాపు పోయాయి. దాని రా ఫైల్ ఉంటే ఇక్కడ లింక్ పెట్టండి, షాడోలు (చీకటి భాగాలు) ఎంతవరకు లేపొచ్చో చూసి చెప్తాను.